పాకాల నుంచి బొగత దాకా సైకిలు మీద: బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

వరంగల్ నుంచి ములుగు వైపు సైకిలెక్కుతున్నామంటే ఇంట్లోవాళ్లు ముందు అడిగేది పులి గురించే. పులి అడపాదడపా ఈ అడవుల్లోకి వచ్చిపోయే మాట నిజమే. కానీ పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు చూసుకుంటూ, తాడ్వాయి అడవి దాటి ఏటూరునాగారం, బొగత జలపాతం దాకా వెళ్లేవాళ్లు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. రోడ్డు మీదికొచ్చిన వాగు, తారు మీద ఆరబోసిన వడ్లు, ఇసుక లారీ, సాయంత్రం తొందరగా కమ్మే చీకటి. గుట్టలు పెద్ద ఎత్తు కావు. గేర్ల సైకిలుంటే కాళ్ల గురించి టెన్షన్ అక్కర్లేదు.

ముందు నీళ్ల సంగతి. ఇవి గుట్టల మధ్య సందుల్లో కట్టలు పోసి కాకతీయుల కాలంలో కట్టిన చెరువులు. చుట్టూ అడవిలో పడ్డ వానంతా వాటిలోకే దిగుతుంది. నిండాక మత్తడి, అంటే అలుగు, దుంకి వాగుల్లో కలుస్తుంది. ఆ వాగులు ఎక్కడో ఒకచోట మన రోడ్డును దాటాలి. అందుకే మీరున్న చోట ఎండ కాస్తున్నా, రెండు గంటల కింద పైన కురిసిన వాన కల్వర్టు మీద మోకాలెత్తు పారుతుండొచ్చు. గోదావరి నిండుగా ఉన్నప్పుడైతే ఏటూరునాగారం వైపు వాగుల నీళ్లు నదిలోకి దిగక వెనక్కి తంతాయి కూడా.

ఇక్కడి వాన ఎంత దూరం పోగలదో 2023 జులైలో చూశాం. రామప్ప గుడి ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్లు పడింది. రాష్ట్రంలో అంతకుముందు ఎక్కడా అంత నమోదు కాలేదు. జంపన్న వాగు పొంగి కొండాయి ఊళ్లో ప్రాణాలు పోయాయి. అదే వారంలో ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్లినవాళ్లు, తిరుగుదారిలో వాగు అడ్డం పడటంతో రాత్రంతా అడవిలోనే ఉండిపోయారు. పొద్దున దాటిన వాగే సాయంత్రం దాటనివ్వలేదు. జలపాతాల దారిలో అసలు ప్రమాదం ఇదే.

అందుకే జులై నుంచి సెప్టెంబరు దాకా ఈ దారి వద్దంటాను. బొగత నిండుగా దుంకేది అప్పుడే కదా అంటే, దానికి బస్సులున్నాయి, కార్లున్నాయి. దసరా వెళ్లింది కాబట్టి వానలూ వెళ్లాయనే లెక్క కూడా పనికిరాదు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వరంగల్‌ను ఎలా ముంచిందో ఇక్కడివాళ్లకు గుర్తే. నవంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అప్పుడైనా బంగాళాఖాతంలో వాయుగుండం ఉందన్న వార్త వస్తే రెండు రోజులు ఆగండి.

దారిలో వాగు కనబడితే టీ హోటల్ దగ్గర ఆగి అడగండి. "అన్నా, ముందర వాగు ఎట్లుంది?" అంటే, "పొద్దుగాల బస్సు పోయింది, ఇప్పుడైతే తెల్వదు" అని ఉన్నదున్నట్టు చెప్తారు. ఆ మాట విని ధైర్యం తెచ్చుకోకండి. బస్సు బరువు వేరు, సైకిలు బరువు వేరు. బ్యాగులు కట్టిన సైకిలుకు పక్కనుంచి నీళ్లు తగిలితే బ్యాగులే తెరచాపలై ఈడ్చుకుపోతాయి. కల్వర్టు మీద పారే నీళ్లలో తారు కనిపించకపోతే వెనక్కి తిరగండి. నీళ్లు తీసిన తర్వాత కూడా రెండు మూడు రోజులు ఆ కల్వర్టు మీద పాకుడు ఉంటుంది, దిగి నడిపించుకెళ్లడం మేలు. చెరువు మత్తడి మీదికి ఫొటో కోసం సైకిలు ఎక్కించే సరదా అసలే వద్దు.

ఇక నవంబరు, డిసెంబరుల్లో వరికోతలు. కల్లాలు చాలక రైతులు వడ్లను రోడ్డు మీదే ఆరబోస్తారు. రోడ్డు సగం దాకా పసుపు రంగు పరుపులా వడ్లు, అంచున వరుసగా రాళ్లు, పక్కన మడిచిపెట్టిన టార్పాలిన్లు. పగలు బాగానే ఉంటుంది. రాత్రి నల్ల టార్పాలిన్ కప్పి, ఎగరకుండా దాని మీద బండరాళ్లు పెడతారు. లైటు వేసుకున్నా దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. సన్న టైరు వడ్ల మీదికెక్కిందంటే బ్రేకు పట్టదు, హ్యాండిల్ తిరగదు. దూరం నుంచే వేగం తగ్గించండి. వడ్లను తప్పించుకోవడానికి రోడ్డు మధ్యలోకి రావాలంటే మాత్రం ముందు వెనక్కి చూడండి. ఆ సగం రోడ్డులోనే లారీ కూడా పోవాలి.

లారీలంటే 163 నంబరు జాతీయ రహదారి మీద గోదావరి ఇసుక లారీలే. హనుమకొండ నుంచి ములుగు దాదాపు 50 కిలోమీటర్లు, ఏటూరునాగారం వందకు పైనే. ఈ దారిలో లారీ తోడు తప్పదు. హ్యాండిల్‌కు చిన్న అద్దం బిగించుకుంటే సగం భయం పోతుంది. లారీ దాటేటప్పుడు ముందు గాలి బయటికి నెడుతుంది, తోక దాటగానే లోపలికి లాగుతుంది. అందుకని తారు అంచున సన్నగా నడపకుండా ఒక అడుగు లోపల ఉండి, భుజాలు వదులుగా పెట్టి నిలకడగా తొక్కండి. ఎండ తగలకముందే పోదామని నాలుగింటికే బయల్దేరేవాళ్లుంటారు. రాత్రంతా నడిపిన డ్రైవరుకు కునుకు పట్టేది ఆ సమయానికే. దానికి చలికాలపు పొగమంచు తోడవుతుంది. వెలుతురు వచ్చాకే కదలండి.

సాయంత్రం కూడా అంతే. నవంబరులో ఐదున్నర దాటగానే పొద్దుగూకుతుంది. పస్రా, తాడ్వాయి మధ్య టేకు చెట్ల కింద ఇంకా ముందే చీకటి. పశువులు ఇంటికి మళ్లే వేళా అదే. నాలుగున్నరకల్లా గది చేరేలా రోజు దూరం పెట్టుకోండి. లెక్క తప్పి ఆలస్యమైతే అడవిలోకి పోకుండా పస్రాలోనో గోవిందరావుపేటలోనో ఆగిపోండి. రామప్ప, లక్నవరం, తాడ్వాయిల్లో పర్యాటక శాఖ హరిత వసతులున్నాయి. శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. అనుమతి లేకుండా అభయారణ్యంలో టెంటు వేయడం నేరం.

రోడ్డు దిగి పొలాల్లోకి, పొదల్లోకి పోవడం మీద ఒక గట్టి మాట. అడవి అంచు చేలల్లో అడవి పందుల కోసం కొందరు దొంగచాటుగా కరెంటు తీగలు పెడతారు. వాటికి మనుషులూ బలైన సంఘటనలున్నాయి. కాలకృత్యాలకైనా సరే, పొద్దుగూకాక రోడ్డు విడిచి పోవద్దు. గోదావరి అవతల వాజేడు, వెంకటాపురం వైపు కర్రెగుట్టల కింద మందుపాతరలు పేలి ప్రాణాలు పోయాయి. అక్కడ పగలైనా తారు రోడ్డు దిగకండి, షార్ట్‌కట్ కాలిబాటలు పట్టకండి.

పాము కరిస్తే పైన గట్టిగా తాడు కట్టడం, బ్లేడుతో కోయడం వద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కరిచిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. కట్లపాము కాటు రాత్రి నిద్రలో నొప్పి కూడా తెలియదు, నేల మీద పడుకోకండి. మార్చిలో ఇప్పపువ్వు రాలేటప్పుడు తెల్లవారుజామున ఎలుగులు చెట్ల కిందికి వస్తాయి. కనిపిస్తే ఫోన్ తీయకుండా, ఎలుగు వెళ్లిపోయేదాకా దూరంగా ఆగండి. దోమల ఊసు ఎవరూ ఎత్తరుగానీ ఏజెన్సీలో మలేరియా, డెంగీ ఉన్నాయి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే ఎక్కడికెళ్లొచ్చారో డాక్టరుకు చెప్పండి.

సిగ్నల్ అడవిలో వచ్చిపోతుంటుంది. మ్యాపు ముందే ఫోన్లో దించుకోండి. సాయం కోసం ఫోన్ చేసినప్పుడు "అడవిలో ఉన్నాం" అంటే ఎవరికీ అర్థం కాదు. దాటొచ్చిన చివరి కిలోమీటరు రాయి మీది ఊరి పేరు, అంకె చెప్పండి.

సైకిలు సామాన్లలో పంక్చర్ కిట్, పంపు, రెండు ట్యూబులు తప్పనిసరి. తుమ్మముళ్లు, పల్లేరు కాయలు ఏ టైరునూ వదలవు. గేరు సైకిలుకు పట్టే ట్యూబు ములుగు దాటాక దొరుకుతుందని నమ్మకండి. ట్యూబుకు ప్రెస్టా వాల్వ్ (సన్నగా ఉండే రకం) అయితే ఊళ్లో గాలి కొట్టించుకోవడానికి చిన్న అడాప్టర్ పెట్టుకోండి. బయల్దేరే ముందు బ్రేకు ప్యాడ్లు మార్చుకోండి. అరటిపళ్లు బ్యాగు లోపల, కనబడకుండా. తాడ్వాయి దారి కోతులకు జిప్పు తీయడం వచ్చు.

రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర. 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. జాతర నెలలో ఈ రోడ్డంతా బస్సులు, జీపులు, ట్రాక్టర్లు. దారులు కూడా మళ్లిస్తారు, సైకిలుకు చోటుండదు. అయిపోయిన తర్వాత కూడా కొన్నాళ్లు రోడ్డు అంచున సీసా పెంకులుంటాయి. అప్పుడే వెళ్లక తప్పదంటే ఇంకో ట్యూబు ఎక్కువ పెట్టుకోండి.