హైదరాబాదులో సొంత వాద్యబృందం నడపడం ఎలా: శ్రుతి నుంచి మొదలుపెట్టండి

పది పన్నెండు మంది వాద్యకారులు కలిసి సొంతంగా ఒక శాస్త్రీయ వాద్యబృందం పెట్టుకోవాలని కూర్చున్నప్పుడు, మొదటి గంట సాధారణంగా బృందం పేరు మీద, తొలి కచేరీ జరగవలసిన హాలు మీద గడిచిపోతుంది. ఆ రెండింటికంటే ముందు తేల్చుకోవలసినది బృందం శ్రుతి, అంటే అందరూ ‘స’గా పట్టుకునే ఆధారస్వరం. ఎవరు చేరగలరు, ఏ కృతులు వాయించగలం, ఎవరితో వేదిక పంచుకోగలం అన్న ప్రశ్నలకు చాలావరకు జవాబు అక్కడే ఉంటుంది. ఇలాంటి ఒక బృందంలో వయొలిన్ వాయిస్తూ, దాని జమాఖర్చులు కూడా చూస్తూ నేర్చుకున్న సంగతులను కొత్తగా మొదలుపెట్టేవారి కోసం చెబుతున్నాను.

హార్మోనియం మెట్ల లెక్కలో పురుషగళాలకు ఒకటి, ఒకటిన్నర శ్రుతులు, స్త్రీగళాలకు అయిదు, అయిదున్నర శ్రుతులు అనుకూలమని మనకు తెలిసినదే. వాద్యబృందానికి మాత్రం నేను అయిదు శ్రుతినే సూచిస్తాను. పాశ్చాత్య పద్ధతిలో అది జి స్వరం. పాశ్చాత్య వయొలిన్ తీగలు జి, డి, ఎ, ఇ స్వరాలకు ఉంటాయి; మన వయొలిన్‌ను స-ప-స-ప క్రమంలో అయిదు శ్రుతికి కడితే అవి జి, డి, జి, డి అవుతాయి. అంటే కింది రెండు తీగలు ఉన్నచోటనే ఉంటాయి, పై రెండు తీగలు ఒక్కొక్క స్వరం దిగితే చాలు. సికింద్రాబాదులో పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న పిల్లలను, చర్చి గాయకబృందాలను, పాఠశాలల బృందగానాన్ని మీతో కలుపుకోవడానికి ఈ ఒక్క నిర్ణయం దారి తెరుస్తుంది. ఇబ్బంది వీణతో వస్తుంది. వీణకు అయిదు శ్రుతి సహజంగా ఒదగదు కనుక తీగల మందం మార్చుకోవాలి, లేదా వీణ ప్రధానంగా సాగే కృతులను వేరే శ్రుతిలో ఉంచి, కచేరీని విరామానికి ముందు ఒక శ్రుతి, తరువాత మరొక శ్రుతి చొప్పున రెండు భాగాలుగా అమర్చుకోవాలి. అలా చేసినప్పుడు రెండు మృదంగాలు, రెండు జతల వేణువులు కావాలని మరచిపోకూడదు. శ్రుతి మధ్యలో మారిస్తే, చెవి కుదురుకునే లోపలే పల్లవి అయిపోతుంది.

వాద్యకారుల కోసం మొదట రాంకోటిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, సికింద్రాబాదులోని శ్రీ భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల విద్యార్థులను, పూర్వ విద్యార్థులను కలవండి. డిప్లొమా పూర్తి చేసి, ఉద్యోగంలో చేరి, వాద్యాన్ని మూల పెట్టినవారు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. వారానికి ఒక ఉదయం కేటాయించగలిగితే వారే బృందానికి వెన్నెముక అవుతారు. బృందవాదనం మనకు కొత్త కాదన్న సంగతి వారికి గుర్తుచేయడం మంచిది. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యబృందాన్ని స్థాపించినప్పుడు పండిట్ రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ దానిని నడిపించారు. మన వైణికుడు ఈమని శంకరశాస్త్రి కూడా ఆ సంస్థలో పనిచేస్తూ బృందవాదనానికి రచనలు చేశారు.

సాధనలో అన్నిటికంటే కష్టమైనది గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం. ఒక్క వయొలిన్ మీద ప్రాణం పోసుకునే కంపితమనే గమకం, నలుగురు నాలుగు రకాలుగా ఊపితే బురదలా వినిపిస్తుంది. అచ్చు పుస్తకాలలోని స్వరలిపి ఇందుకు సరిపోదు. ఒక్కొక్క సంగతిని (ఒకే పంక్తిని మార్చి మార్చి వాయించే రూపాన్ని) ఒకరు వాయించి రికార్డు చేయాలి, మిగిలినవారు ఆ పాఠాన్నే అనుసరించాలి, కమాను (వయొలిన్ విల్లు) ఎక్కడ కిందికి, ఎక్కడ పైకి అన్నది స్వరలిపి మీదనే పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. సంగతుల సంఖ్యను కూడా ముందే తగ్గించుకోవాలి. ఏకవ్యక్తి కచేరీలో పది సంగతులున్న పల్లవికి బృందంలో నాలుగు చాలు. మనోధర్మాన్ని (అప్పటికప్పుడు అల్లుకునే సంగీతాన్ని) పూర్తిగా వదులుకోమని నేను అనను. కృతికి ముందు ఒకరు చిన్న రాగాలాపన చేయడం, చరణంలో ఇద్దరు మాత్రం స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) చేసి అందరూ కలిసి ఎడుపు (పంక్తి ఎత్తుగడ) అందుకోవడం బృందానికి వీలైన పద్ధతులు. తాళం వేసే వ్యక్తిని అందరికీ కనిపించే చోట కూర్చోబెట్టండి. కాలప్రమాణం (లయ వేగం) ఆ చేతిదే అని మొదటి రోజే ఒప్పుకోవాలి. ఎంతటి విద్వాంసుడైనా సాధన మధ్యలో దానిని మార్చకూడదు.

కార్యక్రమాన్ని ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వర సాహిత్యంతో ప్రారంభించడం నాకు చాలా ఇష్టం. పాశ్చాత్య బ్యాండు బాణీలకు దీక్షితులు సంస్కృత సాహిత్యం కూర్చిన ఈ చిన్న రచనలు శంకరాభరణ స్వరాలలో, గమకం లేకుండా సాగుతాయి కనుక, మొదటి నెలలోనే బృందం మొత్తం శుద్ధంగా వాయించగలుగుతుంది. పిల్లల బృందంతో, పాశ్చాత్య వాద్యాలతో కలిసి వాయించడానికి కూడా ఇవి సరిగ్గా అతుకుతాయి. ఆయన సోదరుడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిలో ప్రముఖులన్న విషయం శ్రోతలకు రెండు వాక్యాలలో చెబితే, వేదిక మీద రెండు రకాల వయొలిన్లు ఎందుకున్నాయో వారికి అర్థమవుతుంది.

హాలు విషయంలో శ్రోతల సంఖ్యకంటే చల్లదనం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మా తొలి కచేరీ రోజున ఒక హాలులో, సౌండ్ పరీక్ష సమయంలో ఆపి ఉంచిన ఏసీని సరిగ్గా తెర లేచే ముందు పూర్తిగా పెంచారు. మొదటి కృతి ముగిసేసరికి మృదంగం ఒకవైపు, వీణ మరొకవైపు జారిపోయాయి. కచేరీకి కనీసం గంట ముందు నుంచి అదే చల్లదనంలో వాద్యాలను ఉంచమని, ఏసీ మార్చవద్దని హాలు సిబ్బందికి రాసి ఇవ్వండి. చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ శాస్త్రీయ సంగీత శ్రోతలకు అలవాటైన చోటు. సైఫాబాదులోని రవీంద్రభారతి పెద్ద కచేరీకి తగినది. బంజారాహిల్స్‌లోని లామకాన్ వంటి ఆరుబయలు వేదిక యువ శ్రోతలను దగ్గర చేస్తుంది. మొదటి రెండింటికీ మెట్రో అందుబాటులో ఉంది కనుక, సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించగలిగితే దూరం నుంచి వచ్చే పెద్దలు చివరి మంగళం దాకా కూర్చుంటారు.

తేదీలలో డిసెంబరు మధ్య నుంచి జనవరి ఆరంభం వరకు వదిలేయడం మంచిది. అనుభవం ఉన్న పక్కవాద్యకారులు చెన్నై మార్గళి (ధనుర్మాస) కచేరీలలో ఉంటారు. పదవ తరగతి, ఇంటర్ పరీక్షల కాలంలో కుటుంబాలు రావు. గణేశ నిమజ్జనం నాడు హాలు దొరికినా దారి దొరకదు.

ఇక కాగితాలు. ఏడుగురు సభ్యులుంటే సొసైటీగా నమోదు చేసుకోవచ్చు. బ్యాంకు ఖాతాకు, విరాళాలకు అది అవసరం. శాస్త్రీయ లేదా జానపద కళాకారుడు ఒక ప్రదర్శనకు తీసుకునే పారితోషికం 1,50,000 రూపాయలు దాటనంతవరకు జీఎస్టీ వర్తించదు; సంగీత కచేరీ టికెట్టు ఒక్కొక్కరికి 500 రూపాయలు మించకపోతే దాని మీదా ఉండదు. కంపెనీల చట్టం 2013 ప్రకారం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయవలసిన సంస్థలు కళలకు, వారసత్వ పరిరక్షణకు కూడా నిధులివ్వవచ్చు కనుక, చిన్న సహాయమైనా సరే, లెక్కలు చూపి అడగడంలో సంకోచం అక్కరలేదు. పక్కవాద్యకారుల పారితోషికాన్ని మాత్రం ముందే చెప్పి, కచేరీ రోజునే ఇవ్వండి.

ఒక విషయం చాలామంది గమనించరు. రచయిత మరణించి 60 ఏళ్లు గడిచిన రచనలపై కాపీరైటు ఉండదు కనుక త్యాగరాజ కృతులు అందరివీ. అన్నమాచార్య సంకీర్తనల సాహిత్యమూ అంతే; కానీ మనం నేడు వినే అనేక బాణీలు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు కట్టినవి. వాద్యబృందం వాయించేది బాణీనే కదా. కాబట్టి బాణీకర్త ఎవరో తెలుసుకుని, అవసరమైతే అనుమతి తీసుకుని, వేదిక మీద ఆ పేరు తప్పక చెప్పండి.

ఉత్సవాల్లో చేరడానికి సులువైన ద్వారం త్యాగరాజ ఆరాధన, అంటే ఆయన వర్ధంతి ఉత్సవం. పుష్య బహుళ పంచమి నాడు, ఆ చుట్టుపక్కల రోజుల్లో నగరంలో ఎన్నో చోట్ల పంచరత్న కృతుల బృందగానం జరుగుతుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని ఆ అయిదు కృతులూ ఆదితాళంలోనే ఉండటం, వాటి చరణాలకు స్వరాలు ముందే కూర్చి ఉండటం వల్ల అవి బృందానికి సిద్ధంగా ఉన్న పాఠాలు. ముందు ఇతరుల ఆరాధనలో వెనుక వరుసలో కూర్చుని వాయించండి. రెండు మూడేళ్ల తరువాత మీ సొంత ఉత్సవం గురించి ఆలోచించవచ్చు. అది మొదలైతే తేదీ మార్చకండి. హిందుస్తానీ గాయకుడు పండిట్ జస్‌రాజ్ 1972లో ఇక్కడ ప్రారంభించిన, ఆయన తండ్రి, అన్నల పేర్లతో సాగే పండిట్ మోతీరామ్–పండిట్ మణిరామ్ సంగీత సమారోహ్‌ను నగరం గుర్తుపెట్టుకున్నది ఏటా నవంబరు చివర తప్పకుండా వచ్చినందువల్ల కూడా.

ఇతర కళాసమూహాలతో కలిసి పనిచేయడం మీదనే నాకు ఎక్కువ ఆశ ఉంది. 1885లో మొదలైన సురభి నాటక కుటుంబాలు నేడు శేరిలింగంపల్లి సురభి కాలనీలో ఉన్నాయి. రంగస్థల పద్యానికి హార్మోనియంతో పాటు వాద్యబృందం తోడైతే ఎలా ఉంటుందో ఆ కళాకారులతో కూర్చుని ప్రయత్నించవచ్చు. పన్నెండు మెట్ల కిన్నెర అనే జానపద తంత్రీవాద్యం వాయించేవారిని పిలిచినప్పుడు కిన్నెరను మన శ్రుతికి లాగవద్దు. దాని షడ్జమం (స) ఎక్కడుంటే తంబూరాను అక్కడికి మార్చండి. సిద్దీ, అరబ్బు కుటుంబాల మర్ఫా ఆరుబయట మోగే తాళవాద్యం కనుక వీణ, వేణువులతో ఒకే సమయంలో కాక, తని ఆవర్తనంలో (తాళవాద్యాలకే వదిలే భాగంలో) మృదంగంతో వంతులవారీగా సాగితే రెండూ వినిపిస్తాయి. ఇలాంటి కార్యక్రమానికి కనీసం నాలుగు ఉమ్మడి సాధనలు ఉండాలి, వాటిలో రెండు వారి ఇళ్ల దగ్గర జరగాలి, పారితోషికం అందరికీ ఒకే కొలతలో ఉండాలి. అతిథిగా పిలిచి శాలువా కప్పి పంపడాన్ని కలిసి పనిచేయడమని అనలేము.

కాలనీ పార్కులో వాయించేటప్పుడు పోలీసుల నుంచి లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి తీసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాటికి అనుమతి ఉండదు. ఆసుపత్రి, పాఠశాల, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా పరిగణిస్తారు. ఉదయం ఏడు గంటలకు, మైకు లేకుండా, చెట్టు కింద నలభై మందికి వాయించే బౌళి, మలయమారుతం వంటి రాగాలకు ఈ చిక్కులేవీ ఉండవు.

కచేరీ ముగిసిన మరునాడే రికార్డింగును అందరూ కలిసి వినండి. ఎక్కడ శ్రుతి జారింది, ఏ సంగతిలో కమాన్లు విడిపోయాయి అన్నది తేదీ వేసి స్వరలిపి మీద రాసి, ఒక ప్రతిని కొత్తగా చేరబోయేవారి కోసం దాచండి. తరువాతి సాధన ఆ గుర్తుల దగ్గర మొదలవుతుంది.