ఫిరంగి వార్త చదివే పద్ధతి

మా మేనల్లుడు గ్రూప్-2కి చదువుతున్నాడు, గుంటూరు బ్రాడీపేటలో రూము. పొద్దున్నే శంకర్ విలాస్ సెంటర్లో టీ తాగుతూ పేపర్ నా ముందు పెట్టి, "మామయ్యా, ఈ శతఘ్నుల వార్తలో ఏం గుర్తుపెట్టుకోవాలి?" అంటాడు. పేపర్లో శతఘ్ని అని రాస్తారు గానీ, పదిహేడేళ్లు దాని వెనక నిలబడ్డ మేం గన్ అనే అనేవాళ్లం. 1994లో గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో చేరాను. 1999లో కార్గిల్ యుద్ధంలో ద్రాస్‌లో బోఫోర్స్ గన్ మీద పనిచేశాను. ఇప్పుడు అరండల్‌పేటలో ఒక బ్యాంకు గేటు దగ్గర కాపలా. ఎడమ చెవి సరిగా వినపడదు, అందుకని వాణ్ణి కుడివైపు కూర్చోమంటాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

వార్తలో గన్ పేరు, అది ఎన్ని కిలోమీటర్లు కొడుతుందన్న అంకె ముందు వదిలెయ్. గుండ్లు లెక్కపెట్టు. 155 ఎంఎం గుండు ఒక్కోటి 43 కిలోలకి అటూఇటూ ఉంటుంది. మన మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, మోసేవాళ్లకి ఆ బరువు చెప్పక్కర్లేదు, ఇంచుమించు అంతే. టిక్కీ అయితే భుజానికి ఒదుగుతుంది. గుండు ఒదగదు, పైగా ద్రాస్ చలిలో ఆ ఉక్కు పట్టుకుంటే గ్లౌజులోంచి కూడా వేళ్లు మొద్దుబారేవి. బోఫోర్స్‌కి సొంత క్రేన్ ఉంది గానీ, లారీలోంచి దించడం మాత్రం మా నడుములతోనే. కాబట్టి "రోజుకి 5,000 గుండ్లు పేలుతున్నాయి" అని చదివితే 5,000 టిక్కీలు అనుకో. 215 టన్నులు, పది టన్నుల లారీలైతే 22. గుండుని తోసే మందు సంచులు, దాన్ని పేల్చే ఫ్యూజులు వేరే. రోజూ అన్ని లారీలు శత్రువు కంట పడకుండా ముందుకి చేరాలి. 2022లో అమెరికా ఇచ్చిన హైమార్స్ రాకెట్లు చేతికి రాగానే యుక్రెయిన్ రష్యా గుండ్ల డిపోలను ఏరి ఏరి కొట్టింది. గన్నులు ఉన్నచోటే ఉన్నాయి, వాటికి తిండి దూరమైంది.

తర్వాత సైజు, అంటే గొట్టం లోపలి వెడల్పు చూడు. రష్యావాళ్లది 152, నాటోవాళ్లది 155. తేడా మూడు మిల్లీమీటర్లే గానీ ఒకదాని గుండు ఇంకోదానిలో పనికిరాదు. యుక్రెయిన్ దగ్గర సోవియట్ కాలం నాటి 152 గుండ్లు తరిగిపోయాక 155 గన్నులకి మారాల్సి వచ్చింది. ఆయుధాల అంగట్లో పెద్ద మార్పులన్నీ అక్కడ మొదలయ్యాయి. యుద్ధానికి ముందు అమెరికా నెలకి 14,000 గుండ్లు చేసేది. లక్ష చెయ్యాలని లక్ష్యం పెట్టుకుంది. యూరోపియన్ యూనియన్ 2023 మార్చిలో ఏడాదిలో పది లక్షలు ఇస్తామంది, గడువుకి సగమే అయ్యాయి. ముప్ఫై ఏళ్లు పెద్ద యుద్ధం రాదనుకుని గుండ్లు చేసే లైన్లు మూసుకున్నవాళ్లకి, కొత్త లైను పడటానికి ఎంత కాలం పడుతుందో అప్పుడు తెలిసింది.

దక్షిణ కొరియా మాత్రం లైన్లు మూసుకోలేదు. ఎదురుగా ఉత్తర కొరియా కూర్చుని ఉంటే ఎలా మూస్తుంది? 2022 ఆగస్టులో పోలండ్‌తో 212 కె9 గన్నులకి సంతకం చేసి, డిసెంబరుకల్లా మొదటి 24 గన్నుల్ని గ్డీనియా రేవులో దించింది. అటువైపు ఉత్తర కొరియా రష్యాకి లక్షలకొద్దీ గుండ్లు పంపింది. ఒకే ద్వీపకల్పం, ఇద్దరు బేరగాళ్లు.

దీన్నిబట్టి ఒప్పందం వార్తల్లో మూడు మాటలు విడదీసి చదవడం నేర్చుకో: ఆమోదం, సంతకం, డెలివరీ. మన దేశంలోనే చేసిన అటాగ్స్ గన్‌నే చూడు. 150 గన్నులకి రక్షణ శాఖ ఆమోదం 2018 ఆగస్టులో వచ్చింది. సంతకాలు పడింది 2025 మార్చిలో, 307 గన్నులకి, లాగే బళ్లతో కలిపి సుమారు ₹6,900 కోట్లు. భారత్ ఫోర్జ్, టాటా కలిసి చేస్తున్నాయి. మావాడు మొదటిసారి ఆమోదం వార్త చదివి నోట్సులో "కొన్నాం" అని రాసుకున్నాడు. కొట్టేయించాను. బోఫోర్స్ గొడవ తర్వాత భయపడి మనవాళ్లు ముప్ఫై ఏళ్లపాటు బయట కొత్త గన్నే కొనలేదు. 1986లో బోఫోర్స్ కొన్నాక మళ్లీ 2016లోనే, అమెరికా నుంచి 145 ఎం777 గన్నులకి సంతకం. ద్రాస్‌లో మా ప్రాణం నిలిపిన గన్ పేరు చెబితే ఊళ్లో ఇప్పటికీ "కమిషన్ల గన్నా?" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది.

గొట్టం సంగతి పేపర్లో దాదాపు ఎవరూ రాయరు. ఫుల్ చార్జితో కొడుతుంటే రెండు, రెండున్నర వేల రౌండ్లకి లోపలి గాడులు అరిగిపోతాయి. గురి చెదురుతుంది, రేంజి తగ్గుతుంది. రోజుకి వంద కొడితే నెల లోపే కొత్త గొట్టం కావాలి. అందుకే ఎన్ని గన్నులు ఇచ్చారన్న వార్త దొరికితే, విడి గొట్టాలు ఇచ్చారా, రిపేరు ఎక్కడ అని వెతుకు. యుక్రెయిన్ గన్నులు చాలా పోలండ్ దాకా రిపేరుకి వెళ్లి వచ్చాయి.

ఇక డ్రోన్లు. మా రోజుల్లో ఓపీ (అబ్జర్వేషన్ పోస్ట్) ఆఫీసర్ రేడియో పట్టుకుని కొండెక్కి, గుండు ఎక్కడ పడిందో చూసి దిద్దేవాడు. మేం ఆరు గన్నులు వరసగా పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఆ పని చిన్న క్వాడ్‌కాప్టర్ చేస్తోంది, వరసగా పెడితే గంటలో పోతాయి. ఒక్కో గన్ చెట్ల కింద దూరదూరంగా ఉండి నాలుగు గుండ్లు కొట్టి తప్పుకోవాలి. ఫ్రాన్స్ సీజర్ లాంటి లారీ మీది గన్నులకి గిరాకీ పెరిగింది ఇందుకే. కానీ కెమెరాలో చూస్తూ నడిపే ఎఫ్‌పీవీ డ్రోన్లు రోడ్ల మీద తిరగడం మొదలయ్యాక కదిలే బండే ముందు దొరుకుతోంది. లోతుగా గొయ్యి తవ్వి, పైన వల కప్పి కూర్చున్న పాత లాగుడు గన్ మళ్లీ పనికొస్తోంది. నన్నడిగితే "ఇక ఫిరంగుల కాలం అయిపోయింది" అనే శీర్షిక కనిపించగానే పేజీ తిప్పేయొచ్చు. వానలో, గాలిలో, సిగ్నళ్లని అడ్డుకునే జామింగులో చాలా డ్రోన్లు ఆగిపోతాయి, మామూలు గుండు ఆగదు. జీపీఎస్ చూసుకుని వెళ్లే ఎక్స్‌కాలిబర్ గుండు కూడా రష్యా జామింగుకి గురి తప్పింది.

చివరగా వ్యాపారం పేజీ తియ్. మన జిన్నింగ్ మిల్లులో దూది తీశాక గింజ మీద పొట్టి నూగు మిగులుతుంది, దాన్ని లింటర్ అంటారు. గింజ నూనె మిల్లుకి వెళ్లేముందు దాన్ని గీకి బేళ్లు కడతారు. దాన్ని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో నానబెడితే నైట్రోసెల్యులోజ్ అవుతుంది. గుండుని తోసే మందు తయారయ్యేది దాంతోనే. యూరప్ ఈ లింటర్లు ఎక్కువగా చైనా నుంచి తెచ్చుకుంటుంది, అదే ఇప్పుడు వాళ్ల బెంగ. అక్కడ ఎన్ని ఫ్యాక్టరీలు కట్టినా ఈ నూగు రాకపోతే గుండు గొట్టం దాటదు.

ఇది విని మావాడు కాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నోట్సులో రక్షణ రంగం పేజీ తీసి, కింద మిగిలిన చోట 'పత్తి' అని రాసుకున్నాడు.