గేమింగ్ కోసం రూటర్ సెట్టింగులు ముట్టుకునే ముందు

రూటర్ వెనక సన్న రంధ్రంలో ఉండే రీసెట్ బటన్‌ను పిన్నుతో నొక్కొద్దు. పీపీపీఓఈ (రూటర్ నెట్ కంపెనీకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోతాయి, ఇక నెట్‌వాళ్లు వచ్చేదాకా కూర్చోవాల్సిందే. ముందే ఆ సెట్టింగుల పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే బయటి నెట్ వైపు రూటర్‌కు ఉన్న చిరునామా, చూడండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే అది సీజీనాట్, అంటే ఒకే పబ్లిక్ ఐపీని (బయటి నెట్‌కు నేరుగా కనిపించే చిరునామా) నెట్‌వాళ్లు చాలా ఇళ్లకు పంచుతున్నట్టు. ఎక్స్‌బాక్స్ కోసం రూటర్‌లో 3074 పోర్టు (ఆట డేటా వచ్చిపోయే దారి) ఎన్నిసార్లు తెరిచినా లాభం లేదు, నెట్‌వాళ్లను మీకంటూ పబ్లిక్ ఐపీ అడగాలి. 192.168 అని ఉంటే పైన ఇంకో రూటర్ ఉన్నట్టు. ఫైబర్ డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అది రూటర్ పని మానేసి నెట్‌ను మీ రూటర్‌కు నేరుగా పంపేలా, పెట్టించండి.

వీపీఎన్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి పింగ్ (సర్వర్ దాకా పోయి తిరిగొచ్చే సమయం) రాసుకోండి. నల్లగొండలో కూర్చొని సింగపూర్ సర్వర్ ఆటకు అమెరికా వీపీఎన్ పెడితే ల్యాగ్ కాక ఏమొస్తది?

గాలిదుమారం లేచి కరెంటు పోయొచ్చే సాయంత్రం ఫర్మ్‌వేర్ (రూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ జోలికి పోవద్దు. మధ్యలో ఆగితే రూటర్ మళ్లీ లేవకపోవచ్చు.