తోలు సీటు కుంగిందా? పానా పట్టే ముందు ఇవి చూడండి

సైకిల్ తోలు సీటు కాస్త కుంగినట్టు అనిపించగానే చాలామంది చేసే మొదటి పని, సీటు ముందు కొన (ముక్కు) కింద ఉన్న బోల్టు బిగించడం. నేనూ అదే చేశాను. సీటు కొత్తగా ఉన్న రోజుల్లో, కూర్చున్న చోట పల్లం కనిపించిన ప్రతిసారీ అర చుట్టు తిప్పుతూ పోయాను. కొన్ని నెలలకు ముక్కు దగ్గర రివెట్టు పక్కన తోలు చీలింది. అప్పటికి సీటు ఇంకా సరిగ్గా మెత్తబడనే లేదు. ఆ సీటుకు అసలు ఏ జబ్బూ లేదని, నేను చూసిన పల్లం దాని ఆరోగ్యమేనని తర్వాత తెలిసింది. అందుకే ముందు లక్షణం, తర్వాత కారణం, ఆ తర్వాతే పానా అని గట్టిగా చెబుతాను.

ఈ సీటులో స్పాంజి ఉండదు. దళసరి తోలు ముక్క ఒకటి, వెనక ఇనుప పట్టీకీ ముందు ముక్కుకీ రివెట్లతో బిగించి, మధ్యలో ఏ ఆధారమూ లేకుండా సాగి ఉంటుంది. నులక మంచం ఎలా మనిషిని మోస్తుందో ఇదీ అలాగే మోస్తుంది. మంచానికి కాళ్ల వైపు తాడు బిగించినట్టు, దీనికి ముక్కు బోల్టు బిగిస్తాం. బర్మింగ్‌హామ్‌లో 1866లో మొదలైన బ్రూక్స్ కంపెనీ 1882లో సైకిల్ సీటుకు పేటెంట్ తీసుకుంది. వాళ్ల బి17 మోడల్ 1890ల నాటిది, ఇప్పటికీ తయారవుతోంది. అమరిక అప్పటినుంచి పెద్దగా మారలేదు కాబట్టి, ముక్కు బోల్టు ఉన్న తోలు సీటు ఏ కంపెనీదైనా కింద చెప్పేవన్నీ వర్తిస్తాయి.

ముందు ఒక్కసారి పరీక్ష

సీటు ముక్కు మీదా వెనక అంచు మీదా ఆనేలా ఒక స్కేలు పొడుగునా పెట్టండి. మధ్యలో స్కేలుకీ తోలుకీ ఉన్న సందు కొలిచి రాసుకోండి. ఎంత ఉంటే మంచిది అని అడగొద్దు, ఒక్కో మోడల్‌కు ఒక్కో వంపు ఉంటుంది. మళ్లీ రెండు మూడు నెలలకు కొలిచినప్పుడు ఆ అంకె పెరిగిందా లేదా అన్నదే మనకు కావలసింది.

తర్వాత రెండు బొటనవేళ్లతో మధ్యలో గట్టిగా నొక్కండి. బాగున్న తోలు కొద్దిగా దిగి, వేళ్లు తీయగానే తిరిగి వస్తుంది. తడి అట్ట మీద నొక్కినట్టు గుంట అలాగే ఉండిపోతే తోలు మెత్తబడిపోయిందన్నమాట. అసలు దిగకుండా చెక్కలా ఉంటే ఎండిపోయింది. చివరగా పైన ఒక నీటి చుక్క వేయండి. ముత్యంలా నిలిస్తే మైనం పూత ఉంది. నల్లటి మరకగా లోపలికి ఇంకిపోతే పూత అరిగిపోయింది.

కూర్చునే చోట రెండు గుంటలు, మిగతాదంతా బిగుతుగానే ఉంది

ఇది సమస్య కాదు. పిరుదుల ఎముకలు రెండూ ఆనే చోట తోలు మీ ఒంటికి తగ్గట్టు ఒదిగింది. తోలు సీటు కొనేదే దీనికోసం. రెండు గుంటలూ సమానంగా ఉండి, స్కేలు సందు పెరగకుండా ఉంటే బోల్టు జోలికి పోవద్దు. బిగిస్తే ఆ ఒదుగు పోతుంది, రివెట్ల మీద లాగుడు పెరుగుతుంది.

ఒక గుంట లోతుగా, ఇంకోటి పైపైన ఉంటే మాత్రం తప్పు తోలుది కాదు. సీటు మరీ ఎత్తుగా ఉందేమో చూడండి. పెడల్ అందక నడుము ఇటూ అటూ ఊగితే ఒక పక్కే ఎక్కువ నలుగుతుంది. కింది కడ్డీల్లో ఒకటి వంగిందేమో వెనక నుంచి కంటి ఎత్తులో చూసి పోల్చండి.

మధ్యలో ఉయ్యాలలా కుంగింది, ముక్కు పైకి లేచినట్టు ఉంది

అసలు కుంగుబాటు ఇదే. ఇక్కడ ఒక పొరపాటు ఇంకో పొరపాటును లాగుతుంది. మధ్య కుంగడంతో ముక్కు ముందు నుంచి గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటోందని మనం సీటు ముక్కును కిందికి వంచుతాం. వంచగానే ఒళ్లు ముందుకు జారుతుంది. బరువంతా సీటు సన్నంగా ఉండే చోట పడి, అక్కడ తోలు ఇంకా సాగుతుంది. చేతులూ నొప్పెడతాయి. కాబట్టి వంచడం మానండి. కుంగుబాటుకు మందు వేశాకే కోణం సంగతి.

ముందు కారణం తేల్చుకోండి. రోజూ తొక్కే సీటు ఏళ్ల మీద నెమ్మదిగా సాగడం సహజం, దానికి బోల్టే మందు. కానీ కొద్ది వారాల్లోనే కుంగిందంటే నూటికి తొంభై పాళ్లు నీళ్లో నూనో కారణం.

సహజంగా సాగిన సీటుకైతే, తోలు పూర్తిగా పొడిగా ఉన్న రోజున పావు చుట్టు తిప్పండి. పానా ఏ వైపు తిప్పాలో అనుమానం ఉంటే ముక్కు లోపలి ఇనుప ముక్కను చూస్తూ తిప్పండి. అది ముందుకు జరుగుతుంటే బిగుస్తోంది, వెనక్కి వస్తుంటే వదులవుతోంది. పావు చుట్టు తిప్పాక ఒక వారం తొక్కండి, తర్వాత స్కేలు పెట్టండి. చాలకపోతే ఇంకో పావు చుట్టు. ఒకే పూట రెండు చుట్లు తిప్పడం కన్నా అసలు తిప్పకపోవడం మేలు. బోల్టు తుప్పు పట్టి కదలకపోతే బలవంతం చేయొద్దు. మరకు నూనె చుక్క వేసి ఒక రాత్రి వదిలేయండి, నూనె తోలుకు అంటకుండా గుడ్డ అడ్డం పెట్టండి.

పక్క రెక్కలు బయటికి విచ్చుకుంటున్నాయి, తొడలకు రాసుకుంటున్నాయి

రెక్కలంటే సీటుకు రెండు పక్కలా కిందికి దిగే తోలు అంచులు. బోల్టు తోలును ముందుకూ వెనక్కూ మాత్రమే లాగగలదు. రెక్కలు విచ్చుకుని మధ్య కుంగిన సీటును బోల్టుతో సరిచేయబోతే తోలు పొడుగ్గా సాగుతుందే గానీ రెక్కలు లోపలికి రావు. దీనికి లేసు కట్టడమే మందు. నా అనుభవంలో పాత సీటును బతికించడానికి ఇంతకన్నా మంచి పని లేదు, అయినా చాలామందికి ఇది తెలియదు. కొన్ని మోడళ్లకు కంపెనీవాళ్లే రంధ్రాలు వేసి లేసు కట్టి ఇస్తారు.

రెక్క కింది అంచుకు సుమారు ఒక సెంటీమీటరు పైన, రెండు వైపులా ఎదురెదురుగా నాలుగైదు రంధ్రాలు వేయాలి. తోలుకు రంధ్రాలు వేసే పంచ్ వాడండి. అది గుండ్రంగా కోసి ముక్క బయటికి తీస్తుంది. మేకుతోనో కత్తి మొనతోనో పొడిస్తే గాటు పడుతుంది, లేసు లాగిన కొద్దీ ఆ గాటే చీలికవుతుంది. తర్వాత బూటు లేసు లాంటి గట్టి తాడును సీటు కింద పక్క నుంచి పక్కకు అల్లండి. ఇనుప కడ్డీలకు రాసుకోకుండా చూడండి, రాసుకుంటే తాడు తెగిపోతుంది. మొదటి రోజే బిగించి కట్టొద్దు. రెక్కలు కొద్దిగా లోపలికి వచ్చేంత చాలు, కొన్ని రోజుల తొక్కుడు తర్వాత మళ్లీ కొంచెం లాగండి. రెక్కలు లోపలికి వచ్చిన కొద్దీ మధ్య భాగం కమానులా పైకి లేవడం చేత్తో తడిమితే తెలుస్తుంది.

వానలో తడిశాక మెత్తబడింది

పైకి కవరు వేశాం కదా, ఎలా తడిసిందని అడుగుతుంటారు. వెనక మడ్‌గార్డ్ లేని సైకిళ్లకు చక్రం చిమ్మే నీళ్లన్నీ సీటు అడుగుకే తగులుతాయి. పైభాగానికి నునుపూ మైనమూ ఉంటాయి. అడుగున ఉన్నది పీచు పీచుగా ఉండే పచ్చి వైపు, నీటిని స్పాంజిలా తాగేస్తుంది. ఈ సీట్లకు వాడేది చెట్టు బెరడుల కషాయంతో పదును చేసిన తోలు. తడిస్తే అది మట్టిలా ఎటు నొక్కితే అటు ఒదుగుతుంది. ఆ తడి మీద కూర్చుని ఒక పూట తొక్కితే చాలు, ఏళ్లకు రావలసిన కుంగుబాటు ఆ పూటే వస్తుంది.

తడిస్తే తొక్కడం ఆపండి. తప్పనిసరైతే నిలబడి తొక్కండి. రెక్కలను చేత్తో లోపలికి నొక్కి, వెడల్పాటి గుడ్డ పట్టీతో సీటును చుట్టి, నీడలో గాలి తగిలే చోట రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం రెండూ వద్దు. తడి తోలు వేడికి ముడుచుకుని గట్టిపడి పగులుతుంది. పూర్తిగా ఆరేదాకా బోల్టు ముట్టుకోవద్దు. ఆరాక అడుగున మైనం రాసి, వెనక మడ్‌గార్డ్ బిగించండి. మడ్‌గార్డ్ లేకపోతే వచ్చే వానకు మళ్లీ ఇదే కథ.

జిడ్డుగా, మెత్తగా, నొక్కితే గుంట నిలుస్తోంది

నూనె ఎక్కువైంది. తోలు గట్టిగా ఉందని వంటనూనె, ఆముదం, బూట్లకు రాసే నూనె పట్టించినవాళ్లకు వచ్చే బాధ ఇది. తోలు పీచుల మధ్యకు నూనె చేరితే అవి ఒకదాని మీద ఒకటి జారుతాయి, తోలు బిగి పోతుంది. సీటుకు కావలసింది మైనం, కొవ్వు కలిసిన గట్టి పూత. బ్రూక్స్ వాళ్లు అమ్మే ప్రూఫైడ్ అనే పూతలో కూడా కొవ్వుతో పాటు తేనెమైనం ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు పల్చగా రాసి, కాసేపయ్యాక మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ఇంకిన నూనెను పూర్తిగా వెనక్కి తీయలేం. సీటును పీల్చే కాగితంలో చుట్టి, కాగితం మారుస్తూ కొన్ని రోజులు ఉంచితే కొంత వస్తుంది. తర్వాత లేసు కట్టుకోవలసిందే.

పైన సన్నటి గీతలు, పొట్టు లేస్తోంది

ఎండిపోవడం. పైపై గీతలైతే మైనం రాస్తే ఆగుతాయి, పోవు. గీతలో గోరు దిగితే అది పగులు. అలాంటి సీటును బోల్టుతో బిగించకండి.

కిర్రుమనే చప్పుడు కుంగుబాటు లక్షణం కాదు. చాలాసార్లు ముక్కు దగ్గరో, వెనక పట్టీ దగ్గరో తోలు ఇనుముకు రాసుకుంటూ ఉంటుంది. అక్కడ కొంచెం మైనం అద్దండి, సీటు బిగించిన క్లాంపు కూడా చూడండి.

బోల్టు చివరిదాకా వచ్చేసింది, లేదా రివెట్టు చుట్టూ చీలిక ఉంది

మరలు అయిపోయేదాకా బిగించినా కుంగుతూనే ఉంటే తోలుకు బిగి నిలిచే శక్తి అయిపోయింది. లేసు కట్టి కొంతకాలం నడపొచ్చు. చీలిక కనిపిస్తే మాత్రం ఆ సీటు మీద ఎక్కొద్దు. ముక్కు రివెట్లు ఒక్కసారిగా ఊడితే తోలు వెనక్కి ఎగిరిపోయి, మనిషి ఇనుప కడ్డీల మీద పడతాడు. జిగురు వేసి, కుట్లు వేసి నిలబెట్టిన చీలిక మనిషి బరువుకు ఆగదు. ఇనుము గట్టిగా ఉంటే రివెట్లు డ్రిల్లుతో తీసేసి కొత్త తోలు వేయించుకోవచ్చు. ఆ పనికి ఇచ్చే ముందు తోలు తీసిన కడ్డీలను సమతలంగా ఉన్న బల్ల మీద పెట్టి చూడండి. ఒక మూల ఊగితే అది వంగిన ఇనుము, దాని మీద కొత్త తోలు వేసినా మొదటి నెలలోనే ఒక పక్కకు కుంగుతుంది.