కారు డోర్ వైజర్లు: కొస లేచినా, ఈల వేసినా, అద్దం ఇరుక్కున్నా ఏం చేయాలి

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అలాంటి చోట డోర్ వైజర్లు, అంటే తలుపు అద్దాల పైన చూరులా అమర్చే ప్లాస్టిక్ పట్టీలు, వానకన్నా ఎండకే ఎక్కువ అక్కరకొస్తాయి. కారును ఎండలో నిలిపినప్పుడు అద్దాన్ని వేలు మందాన దించి పెడితే లోపలి వేడి గాలి పైనుంచి బయటికి పోతుంది, ఆ సందు దారిన పోయేవారి కంట పడదు. ఆషాఢపు గాలికి ఎర్ర దుమ్ము లేచే రోజుల్లో మాత్రం ఆ సందు కూడా మూసేయడమే మంచిది. వైజర్ జల్లును ఆపుతుంది గానీ దుమ్మును ఆపలేదు.

వైజర్లతో వచ్చే ఇబ్బందుల్లో ప్లాస్టిక్ నాసిరకం కావడం వల్ల వచ్చేవి కొన్నే. మిగతావన్నీ అంటించిన తీరు వల్ల, అంటించిన వేళ వల్ల వచ్చేవి. ‘ఐదు నిమిషాల పని సార్’ అంటూ కార్ డెకార్స్ కుర్రాడు మిట్టమధ్యాహ్నం రోడ్డు పక్కనే కానిచ్చేస్తాడు. దాని ఫలితం కొన్ని వారాల తర్వాత గానీ బయటపడదు, అప్పటికి ఆ కుర్రాడు వేరే దుకాణానికి మారిపోయి ఉంటాడు.

ముందుగా మీ కారుకు ఉన్నది ఏ రకమో చూసుకోండి. తలుపు ఫ్రేము మీద డబుల్ టేపుతో పైన అంటించేది ఒక రకం. అద్దం జారే రబ్బరు గాడిలోకి దూర్చేది రెండో రకం. దీనికి కూడా కొసల్లో చిన్న టేపు ముక్కలు ఉండవచ్చు. ఊడిపోవడం మొదటి రకానికి ఎక్కువ, అద్దం ఇరుక్కోవడం రెండో రకానికి ఎక్కువ.

కొస లేస్తోంది, లేదా వైజర్ ఊగుతోంది

అందరూ ముందుగా చేసే పని, లేచిన కొసను బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలేయడం. దుమ్ము పట్టిన టేపు మళ్లీ అంటుకోదు. నొక్కే ముందు ఆ కొసను కాస్త పైకెత్తి టేపు ఎటువైపు ఉండిపోయిందో చూడండి. కారణం అక్కడే తెలిసిపోతుంది.

టేపు వైజర్‌కే ఉండి, కారు వైపు నుంచి నున్నగా విడిపోయి, దాని మీద ఎర్రటి సన్నని పొడి కనిపిస్తే, అంటించేటప్పుడు ఫ్రేము శుభ్రంగా లేదన్నమాట. గుడ్డతో తుడిచామంటే సరిపోదు. వాటర్ సర్వీసింగ్‌లో మెరుపు కోసం పూసే పాలిష్‌లో సిలికోనో మైనమో ఉంటుంది, దాని మీద ఏ జిగురూ నిలవదు. సిరామిక్ కోటింగ్ చేయించిన కార్లకూ ఇదే ఇబ్బంది. ఇలాంటప్పుడు పాత టేపు మొత్తం తీసేసి, ఫ్రేమును షాంపూ నీళ్లతో కడిగి ఆరనిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సగానికి సగం నీళ్లతో కలిపి శుభ్రమైన నూలు గుడ్డతో ఒకే దిశలో తుడవాలి. గుడ్డ నల్లబడటం ఆగేదాకా గుడ్డ మడత మారుస్తూ తుడవండి. చేతులకు రాసుకునే శానిటైజర్‌తో తుడిచి సరిపెట్టుకోవద్దు. దానిలో సాధారణంగా గ్లిజరిన్ ఉంటుంది, అది కంటికి కనబడని పొరగా మిగిలిపోతుంది. కోటింగ్ ఉన్న కారుకైతే తుడిచాక టేపు పట్టే చోట మాత్రమే అడ్హీషన్ ప్రమోటర్ అనే ప్రైమర్‌ను పలుచగా పూయాలి.

టేపు కారుకే మిగిలిపోయి వైజర్ ఒక్కటే విడిపోతే, తప్పు టేపుది. వైజర్ తయారయినప్పుడే దానికి నాసిరకం టేపు వేసి ఉంటారు. పైన ఎర్ర కాగితం ఉన్నంత మాత్రాన అది పేరున్న త్రీఎం కంపెనీ టేపు అయిపోదు, ఎర్ర కాగితం ఎవరైనా అంటించవచ్చు. మంచి అక్రిలిక్ ఫోమ్ టేపు కొని, పాతది గీకేసి, కొత్తది వేసుకోండి. ప్లాస్టిక్ నిక్షేపంగా ఉంటే వైజర్లు మార్చనక్కర్లేదు.

టేపులోని నురగలాంటి మధ్య పొర అడ్డంగా చీలి, సగం అటూ సగం ఇటూ ఉంటే, జిగురు తన పని చేసింది. ఆ నురగ పొరే లాగుడును తట్టుకోలేకపోయింది. సాధారణంగా వైజర్ ఒంపు మీ తలుపు ఒంపుతో కలవనప్పుడు ఇలా అవుతుంది. అంటించకుండా ఊరికే ఆనించి చూసినప్పుడు కొస రెండు మూడు మిల్లీమీటర్లు ఎడంగా ఉంటే, టేపు రాత్రింబవళ్లు ఆ వంపును లాగిపట్టుకుని ఉండాలి. దానికి తోడు ఎండ. వైజర్లకు సాధారణంగా వాడే అక్రిలిక్ ప్లాస్టిక్ వేడికి ఇనుముకన్నా అయిదారు రెట్లు ఎక్కువ సాగుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్న 90 సెంటీమీటర్ల వైజర్ మధ్యాహ్నానికి 40 డిగ్రీలు వేడెక్కితే, కింద ఉన్న ఫ్రేముకన్నా సుమారు రెండు మిల్లీమీటర్లు అదనంగా పొడుగవుతుంది, రాత్రికి మళ్లీ కుంచించుకుంటుంది. ఈ లాగుడంతా పడేది కొసల మీదే. అందుకే మధ్యలో గట్టిగా ఉన్న వైజర్ కూడా కొసల్లో లేస్తుంది. ఒంపు కొద్దిగా తేడా ఉంటే జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి నెమ్మదిగా సరిచేయవచ్చు. హాట్ ఎయిర్ గన్ జోలికి వెళ్లవద్దు, అక్రిలిక్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడి రూపు కోల్పోతుంది. తేడా ఎక్కువగా ఉంటే అది మీ మోడల్‌కు చేసినది కాదు, తిరిగి ఇచ్చేయండి.

ఇక టేపుతోపాటు కారు రంగే పొరలా వచ్చేస్తే, ఆ తలుపుకు ఎప్పుడో రంగు మళ్లీ వేశారు, అది సరిగా పట్టలేదు. వైజర్ పక్కన పెట్టి ముందు పెయింటర్‌ను కలవండి.

మళ్లీ అంటించేటప్పుడు వేళ ముఖ్యం. ఈ టేపులకు అనువైన వేడి దాదాపు 20 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలిపిన కారు రేకు చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. అప్పుడు అంటిస్తే జిగురు మెత్తబడి జారుతుంది, వైజర్ కూడా సాగి ఉన్న కొలతలోనే అంటుకుంటుంది. వేసవిలో ఉదయం ఏడింటికి నీడలో పని మొదలుపెట్టండి. డిసెంబరు, జనవరిలో దీనికి తలకిందులు. తెల్లవారితే చలి, పది దాటాక రేకు కాస్త వెచ్చబడనివ్వండి.

పద్ధతి చెప్పుకోవడానికి పెద్దదేమీ కాదు గానీ వరస తప్పకూడదు. ముందు టేపు కాగితం తీయకుండా ఆనించి చూసి, రెండు కొసల దగ్గరా మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టుకోండి. తర్వాత రెండు కొసల్లో మాత్రమే నాలుగు వేళ్ల పొడవున కాగితం ఒలిచి, ఆ తోకలను బయటికి మడవండి. గుర్తుల మధ్య కూర్చోబెట్టాక తోకలను పట్టుకుని మిగతా కాగితం మెల్లగా లాగేయండి. ఆపైన ప్రతి జానెడు మేరా బొటనవేళ్లతో గట్టిగా అరనిమిషం నొక్కి ముందుకు జరగండి. ఈ నొక్కుడు దగ్గరే చాలామంది తొందరపడతారు. అక్రిలిక్ ఫోమ్ టేపు మొదటి ఇరవై నిమిషాల్లో సగం పట్టు, ఒక రోజుకు తొంభై శాతం, మూడు రోజులకు పూర్తి పట్టు సాధిస్తుంది. ఆ మూడు రోజులూ కారు కడిగించవద్దు, హైవే ఎక్కవద్దు. ఆ తర్వాత కూడా సర్వీసింగ్‌లో నీటి గన్నును వైజర్ అంచుకు ఎదురుగా పెట్టనివ్వకండి.

ఊడిన కొసకు ఫెవిక్విక్ చుక్క వేయడం, సీలెంట్ పూయడం రెండూ వద్దు. మొదటిది గట్టిపడ్డాక పెళుసుగా ఉంటుంది, ప్లాస్టిక్‌ను తెల్లగా మసకబరుస్తుంది, తీసేటప్పుడు రంగును పట్టుకొస్తుంది. రెండోదానిలో వెనిగర్ వాసన వచ్చే రకం, రంగు గీరుకుపోయిన చోట రేకును తుప్పు పట్టిస్తుంది.

వేగం పెరిగితే ఈల, లేదా లోపల దబదబమనే మోత

రెండూ వేరు వేరు శబ్దాలు. వెనక అద్దం ఒక్కటే దించి అరవై డెబ్బై వేగంలో వెళ్తుంటే చెవులు అదిరేలా దబదబమంటుంది. అది వైజర్ లోపం కాదు. బయటి గాలి కారు లోపలి గాలిని ఊపిరిలా లోపలికీ బయటికీ తోస్తున్నందువల్ల వచ్చే మోత. ముందు అద్దాల్లో ఒకదాన్ని కాస్త దించితే ఆగిపోతుంది.

అద్దాలన్నీ మూసి ఉన్నా సన్నని ఈల వస్తుంటే అప్పుడు వైజర్‌ను అనుమానించాలి. అనంతపురం నుంచి గుత్తి వైపు 44వ జాతీయ రహదారి మీద ఎనభై వేగం దాటాక మొదలై, తిరుగు ప్రయాణంలో అదే వేగంలో లేకపోతే, కారణం ఎదురుగాలి కూడా కావచ్చు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. కాబట్టి గాలి లేని ఉదయం పూట మరోసారి చూడండి. అప్పుడూ ఈల వస్తే మాస్కింగ్ టేపు పరీక్ష చేయాలి. డ్రైవర్ వైపు వైజర్ ముందు కొస, ఫ్రేము కలిసే చోటును టేపుతో పూర్తిగా మూసి, అదే రోడ్డు మీద అదే వేగంలో వెళ్లండి. ఈల ఆగితే దొంగ దొరికినట్టే. ఆగకపోతే టేపును వెనుక కొసకు, ఆపైన సైడ్ మిర్రర్ మొదలుకు, తలుపు బీడింగ్ (అంచు వెంబడి ఉండే రబ్బరు పట్టీ) కలిసే చోటుకు మారుస్తూ వెళ్లండి. ఒకసారికి ఒక చోటే మూయాలి, నాలుగూ ఒకేసారి మూస్తే ఏమీ తేలదు. పరీక్ష కాగానే ఆ టేపు తీసేయండి, ఎండలో ఉంచేస్తే దాని జిగురు కారుకే మిగులుతుంది.

ముందు కొస దగ్గరైతే కారణం సాధారణంగా టేపు చివరిదాకా రాకపోవడమే. కొస లోపలి వైపు అగ్గిపుల్ల దూరేంత ఖాళీ ఉన్నా చాలు, గాలి అందులో దూరి ఈల వేస్తుంది. ఆ ఖాళీకి సరిపడా ఫోమ్ టేపు ముక్క పెట్టి నొక్కి, పైనుంచి మాస్కింగ్ టేపుతో ఒక రోజు బిగించి ఉంచండి. సైడ్ మిర్రర్ దగ్గర ఈల ఆగితే వైజర్‌ను తిట్టుకోనక్కర్లేదు.

గతుకుల మీద టకటకమంటే మధ్యలో టేపు వదిలింది, లేదా క్లిప్పు వదులైంది. క్లిప్పున్న రకాల్లో ఆ క్లిప్పు కొన రంగును గీరకుండా సన్నని ఫెల్ట్ ముక్క అడ్డం పెట్టండి.

అద్దం పైదాకా వెళ్లి తానే దిగిపోతోంది

ఇది గాడిలోకి దూర్చే రకానికి పట్టే జబ్బు. ఒక్క నొక్కుతో పైకెళ్లే అద్దాలకు, మధ్యలో చేయి అడ్డొస్తే వెనక్కి దిగే ఏర్పాటు ఉంటుంది. వైజర్ మందం వల్ల గాడి బిగుసుకుంటే కారు దాన్నే అడ్డంకి అనుకుంటుంది. ఆ ఏర్పాటు లేని కార్లలో అద్దం బరువుగా, మూలుగుతూ ఎక్కుతుంది.

ముందు గాడిని తడిగుడ్డతో తుడవండి. ఇక్కడి దుమ్ము రబ్బరులో చేరి గరుకు కాగితంలా తయారవుతుంది, సగం బిగువు దానిదే. ఆరాక సిలికోన్ స్ప్రేను గుడ్డకు పట్టించి గాడిలో రాయండి, పక్కన టేపు ఉన్న చోటికి తగలనివ్వకండి. ఇంజిన్ ఆయిలు, గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము ముద్దలా పేరుకుంటుంది. వైజర్ అంచు గాడిలో బయటి గోడకు ఆని ఉందో లేదో వేలితో తడిమి చూసి, లోపలికి వాలి ఉంటే బయటికి తొయ్యండి. తర్వాత అద్దాన్ని జాగ్రత్తగా పూర్తిగా పైకెత్తి ఒకటి రెండు రోజులు దించకుండా ఉంచితే రబ్బరు సర్దుకుంటుంది. చాలా కార్లలో అద్దం పైకి చేరాక స్విచ్‌ను కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే కొత్త హద్దును గుర్తుపెట్టుకుంటుంది. మీ కారుకు సరైన వరస యజమాని పుస్తకంలో ఉంటుంది.

ఇంత చేసినా దిగుతూనే ఉంటే ఆ వైజర్లు తీసేయండి. అద్దాన్ని చేత్తో తోసి ఎక్కించడం, పదే పదే స్విచ్ నొక్కి మోటారును అరగదీయడం వద్దు. మోటారు ఖర్చు ముందు వైజర్ల ధర ఏ మూలకూ రాదు.

వైజర్లు ఉన్నా నీళ్లు లోపలికి వస్తున్నాయి

అద్దం వైజర్ అంచుకన్నా కిందికి దించి ఉంటే వాన తప్పక వస్తుంది, గాలివానైతే మరీనూ. అద్దం పూర్తిగా మూసి, పైనుంచి చెంబుతో మెల్లగా నీళ్లు పోసి చూడండి. అప్పుడూ సీటు తడిస్తే, దూర్చిన వైజర్ బీడింగ్‌ను పక్కకు నెట్టిందేమో చూడాలి. తలుపు వేసినప్పుడు లోపల నీళ్లు గలగలమంటే మాత్రం తలుపు అడుగున ఉండే చిన్న రంధ్రాలు మట్టితో పూడుకున్నాయి. మెత్తటి ప్లాస్టిక్ పుల్లతో వాటిని తెరవండి. వైజర్లు లేని కార్లకూ ఈ రంధ్రాలు పూడుకుంటాయి.

తెల్లబారింది, సన్నని బీటలు కనిపిస్తున్నాయి

తడి గుడ్డతో తుడిచి చూడండి. తడిగా ఉన్నప్పుడు మాయమై, ఆరాక తిరిగి వచ్చే తెల్లటి మచ్చలైతే బోరు నీటి ఉప్పు కావచ్చు. వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి గుడ్డ తడిపి కాసేపు ఆనించి ఉంచి, రుద్దకుండా కడిగేయండి. వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే గాజులో వెంట్రుకల్లా సన్నని గీతలు కనబడితే అవి బీటలు. థిన్నరు, పెట్రోలు, గాఢమైన ఆల్కహాల్ తగిలితే అక్రిలిక్ ఇలా బీటలు వారుతుంది. వాటికి మందు లేదు, మార్చుకోవాల్సిందే.

సైడ్ మిర్రర్ పైభాగం కనబడటం లేదు

మరీ ముదురు నలుపు, మరీ వెడల్పు వైజర్ తీసుకున్నారు. లేత పొగరంగుది, సన్నటిది తీసుకోండి. అంటించే ముందు సీట్లో కూర్చుని, ఎవరినైనా వైజర్ పట్టుకుని నిలబడమని చూస్తే ఈ సంగతి అప్పుడే తేలిపోతుంది.

వైజర్లు తీసేయాలి, జిగురు వదలడం లేదు

అంటించడానికి పనికిరాని మిట్టమధ్యాహ్నపు ఎండ పీకడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది. గంటసేపు ఎండలో నిలిపితే టేపు మెత్తబడుతుంది. ఒక కొస లేపి, చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని వెనక్కి దూర్చి రంపంలా అటూ ఇటూ లాగుతూ పోండి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే రేకు సొట్టపోతుంది. మిగిలిన నురగను బొటనవేలితో దొర్లిస్తే ఉండలుగా వచ్చేస్తుంది. ఆ తర్వాత మిగిలే జిగురుకు పెయింట్ల దుకాణంలో దొరికే మినరల్ టర్పెంటైన్‌ను గుడ్డకు కొద్దిగా పట్టించి తుడిచి, వెంటనే షాంపూ నీళ్లతో కడగండి. థిన్నర్ మాత్రం తెరవవద్దు, రీపెయింట్ చేసిన తలుపైతే రంగు ముడతలు పడి లేస్తుంది.

పాత కార్లలో టేపు ఉన్న మేరా రంగు ముదురుగా, చుట్టూ వెలిసిపోయి కనబడుతుంది. రబ్బింగ్ పాలిష్‌తో చాలావరకు కలుస్తుంది. కొత్త వైజర్లు వేయించుకునే ఆలోచన ఉంటే ఆ పట్టీ మీద మాత్రం ఇప్పుడు పాలిష్ పెట్టవద్దు, వైజర్లు అంటించాక మిగతా తలుపుకు పెట్టుకోండి.