చిన్న ఎస్‌ఎస్‌డీ బిగించే ముందు ఇవి చూసుకోండి

కావలి, కందుకూరు వైపు పాత డెస్క్‌టాప్‌లకి హార్డ్‌డిస్క్ ఉంచేసి పక్కన 120 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే డ్రైవ్) వేయించుకునేవాళ్ళకి ఇది.

- ముందు ఫోటోలు, టాలీ డేటా వేరే డ్రైవ్‌లోకి కాపీ కొట్టి, రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూడండి.
- విండోస్ ఎక్కించేటప్పుడు పాత హార్డ్‌డిస్క్ సాటా కేబుల్ (డ్రైవ్‌ని మదర్‌బోర్డుకి కలిపే వైరు) పీకేయండి, ఇదొక్కటి మాత్రం మర్చిపోబాకండి, ఎందుకంటే రెండూ తగిలించి ఉంటే బూట్ ఫైళ్ళు (విండోస్ మొదలవడానికి కావాల్సినవి) పాతదాంట్లో పడొచ్చు, రేపు అది పోయిందంటే ఎస్‌ఎస్‌డీ శుభ్రంగా ఉన్నా విండోస్ లేవదు.
- కేబుల్ పీకాలన్నా పెట్టాలన్నా ప్లగ్ తీసేశాకే.
- ఎండాకాలం కరెంటు పోతుంటుంది కదా, యూపీఎస్ లేకుండా మొదలుపెట్టబాకండి.
- విండోస్‌లో 111 జీబీ చూపిస్తుంది, కంగారొద్దు, కంపెనీ, విండోస్ జీబీని లెక్కేసే తీరులో తేడా అంతే. పెళ్ళి వీడియోలు, డౌన్‌లోడ్స్ హార్డ్‌డిస్క్‌లోకే.