తడి ఇసుకలో డిటెక్టర్ మోత ఎలా ఆపాను

మాది మిర్యాలగూడ. మా ఎర్రటి చెల్క నేలలో చక్కగా పనిచేసిన మెటల్ డిటెక్టర్, సూర్యలంక బీచ్‌లో తడి ఇసుక మీద పెట్టగానే ఆగకుండా మోగింది. తవ్విన చోటల్లా ఏమీ లేదు. పాడైపోయిందేమోనని టెన్షన్ పడ్డాను. పొడి ఇసుక మీదకు వస్తే మాత్రం చప్పుడే లేదు.

కారణం ఉప్పునీరు. అది కరెంటును పోనిస్తుంది కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీతో నడిచే నా మిషన్‌కు లోహంలా తోస్తుంది. పైగా అందులో ఉన్నది ఇనుము పాలు ఎక్కువున్న మా ఎర్రనేలకు చేసిన గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలకే మోగకుండా చేసే సెట్టింగ్. తడి ఇసుకపైనే కాయిల్‌ను (డిటెక్టర్ కింద లోహాన్ని పసిగట్టే భాగాన్ని) పైకీ కిందికీ ఆడిస్తూ, మోత తగ్గేదాకా మళ్లీ సెట్ చేశాను. సెన్సిటివిటీ సగానికి దించాను. లోతు కొంత తగ్గింది, పోనీ. అన్నిటికన్నా మేలు చేసింది నడక మార్చడం. అలల వైపు కాకుండా ఒడ్డు వెంబడే నడిచాను. తడి ఒకేలా ఉంటే శబ్దం కూడా నిలకడగా ఉంటుంది. గంటలో ఒక రెండు రూపాయల బిళ్ల దొరికింది. ఆ సంతోషం చెప్పలేను!

పని అయ్యాక కాయిల్‌ను మంచినీళ్లతో కడగండి, ఉప్పు తినేస్తుంది. ఇంకోమాట: పాత నిధిలాంటిది దొరికి దాని విలువ 10 రూపాయలు దాటితే, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలపాలి.